పవర్ ప్లాంట్‌లోకి అడుగుపెట్టాలంటే ముందు ఏది: ఏడాది కోర్సా, అప్రెంటిసా?

పాల్వంచ_అన్న:
మా చెల్లి ఈ ఏడాదే బీటెక్ ఈఈఈ పూర్తి చేసింది. సాఫ్ట్‌వేర్ కోచింగ్ అంటే ససేమిరా అంటోంది, ప్లాంట్ ఆపరేషన్‌లోనే ఉంటానంటోంది. ఇంట్లో ఇప్పుడు రెండు దారుల మీద వాదన. ఒకటి ఎన్‌పీటీఐలో (కేంద్ర ప్రభుత్వ విద్యుత్ శిక్షణ సంస్థ) ఏడాది థర్మల్ పీజీ డిప్లొమా. నాన్న లోన్ తీసుకునైనా కడతానంటున్నారు. రెండోది నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం) కింద ఏదైనా ప్లాంట్‌లో ఏడాది అప్రెంటిస్. స్టైపెండ్ తక్కువే. 2019 నిబంధనల్లో డిగ్రీవాళ్లకు నెలకు కనీసం 9,000 అని పెట్టారు. ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు చెప్పండి, ఏది మేలు?

యూనిట్_డెస్క్:
అప్రెంటిస్. లోన్ తీసుకోవాల్సిన పరిస్థితే ఉంటే ఇంక ఆలోచించడానికేం లేదు.

కొత్తవాళ్లకు నేను ముందు అప్పజెప్పేది లైన్ ట్రేసింగ్. స్కీమ్ కాగితం (పైపులైన్ల పటం) చేతపట్టుకుని డీఏరేటర్ (నీటిలోంచి గాలి తీసేసే ట్యాంకు) దగ్గర మొదలుపెట్టాలి. బాయిలర్ ఫీడ్ పంపు, హెచ్‌పీ హీటర్లు, ఫీడ్ కంట్రోల్ స్టేషన్, ఎకనమైజర్ మీదుగా డ్రమ్ (బాయిలర్ పైన నీరు, ఆవిరి విడిపోయే పాత్ర) దాకా పైపు వెంటే నడవాలి. ఏ వాల్వ్ ఎక్కడుంది, బైపాస్ ఎటు పోతోంది అన్నీ చూసి, కిందికి వచ్చాక కాగితం చూడకుండా గీసి చూపించాలి. జీరో మీటర్ (నేల మట్టం) నుంచి డ్రమ్ ఫ్లోర్ ఎక్కేసరికి చొక్కా తడిసిపోతుంది. కానీ ఒకసారి ఇలా తిరిగినవాళ్లకు, ఫీడ్ పంపు ట్రిప్పయి డ్రమ్ లెవెల్ పడిపోతుంటే స్టాండ్‌బై పంపు వచ్చిందో లేదో చూస్తూనే, లోకల్ ఆపరేటర్‌ను ఏ వాల్వ్ దగ్గరికి పంపాలో చెప్పగలిగే ధైర్యం వస్తుంది. అది క్లాస్‌రూమ్ పీపీటీలో వచ్చేది కాదు.

నైవేలీ_బ్యాచ్:
అన్నా, మీలాంటివాళ్లు ఉన్న చోట సరే. నా క్లాస్‌మేట్ ఒక ప్రైవేటు ప్లాంట్‌లో అప్రెంటిస్‌గా చేరితే ఏడాదంతా లాగ్‌షీట్లు ఎక్సెల్‌లో ఎక్కించడమే పని. బాయిలర్ వైపు తీసుకెళ్లినవాడే లేడు. సర్టిఫికెట్ వచ్చింది, తర్వాత ఇంటర్వ్యూలో ఐడీ ఫ్యాన్ (బాయిలర్ నుంచి పొగ లాగేది), ఎఫ్‌డీ ఫ్యాన్ (గాలి లోపలికి పంపేది)లలో ఏది ముందు స్టార్ట్ చేస్తారంటే నోరు పెగల్లేదు.

నేను కోర్సు చేశాను. నడుస్తున్న యూనిట్‌లో ట్రైనీని ఎవరూ ముట్టుకోనివ్వరు, ముట్టుకోనివ్వకూడదు కూడా. సిమ్యులేటర్ ఉన్నది అందుకే. ఆయిల్ గన్‌లతో బాయిలర్ లైటప్ చేసి (వెలిగించి), టర్బైన్‌ను 3000 ఆర్‌పీఎంకి తెచ్చి, సింక్రనైజ్ చేయడం (జనరేటర్‌ను గ్రిడ్‌తో కలపడం) దాకా మా చేతులతోనే చేశాం. సింక్రోస్కోప్ (జనరేటర్, గ్రిడ్ ఫేజ్ తేడా చూపే మీటర్) ముల్లు గడియారం తిరిగే వైపే, నెమ్మదిగా తిరగాలి. పన్నెండు దగ్గరికి వస్తుండగా బ్రేకర్ క్లోజ్ చేయాలి. ముల్లు జోరుగా తిరుగుతుంటే మా సార్ చెయ్యి పట్టుకుని ఆపేసేవారు. ఫేజ్ కలవకుండా క్లోజ్ చేస్తే జనరేటర్ షాఫ్ట్ మీద ఎంత దెబ్బ పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అది నేర్చుకునే చోటు సిమ్యులేటరే.

యూనిట్_డెస్క్:
సిమ్యులేటర్ విలువ నేను కాదనను తమ్ముడూ. నా బాధంతా దానికి డబ్బు ఎవరు కడుతున్నారన్నదే. 2010 నాటి సీఈఏ (కేంద్ర విద్యుత్ అథారిటీ) భద్రతా నిబంధనలు ఒకసారి తీసి చదవండి. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి, నేను చెప్పేది ఆ పాతవాటి సంగతి. ప్లాంట్ నడిపే ఇంజనీర్, సూపర్‌వైజర్, టెక్నీషియన్ నిర్ణీత శిక్షణ పొంది ఉండాలి, ఆ శిక్షణ ఏర్పాటు చేయాల్సింది ప్లాంట్ యజమాని అని స్పష్టంగా రాశారు. ఎన్‌టీపీసీ గేట్ పరీక్ష స్కోరుతో తీసుకున్నవాళ్లకు జీతమిచ్చి మరీ ట్రైనింగ్ ఇస్తుంది. ఓ అండ్ ఎం (ప్లాంట్ నడిపే, నిర్వహించే) కాంట్రాక్టర్లు మాత్రం ‘ట్రైనింగ్ చేసి రా, అప్పుడు చూస్తాం’ అంటున్నారు. తాము భరించాల్సిన ఖర్చు ఆ పిల్ల తండ్రి నెత్తిన వేస్తున్నారు. మనం కూడా ‘కోర్సు చేయి’ అని సలహా ఇస్తూ పోతే ఇదే పద్ధతిగా స్థిరపడిపోతుంది. ఇది నాకు అస్సలు మింగుడుపడదు.

నైవేలీ_బ్యాచ్:
న్యాయం మీ వైపే ఉంది. కానీ ఉద్యోగం కావాల్సింది ఈ ఏడాది. కాంట్రాక్టర్లు మారేదాకా ఆ అమ్మాయి ఆగగలదా?

లైన్‌క్లియర్:
ఇద్దరూ థర్మల్ దగ్గరే ఆగిపోయారు. ఈఈఈ చదివిన పిల్లకు సబ్‌స్టేషన్ కూడా ఉంది కదా. నేను 132 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ చేస్తాను. కొత్తవాళ్లకు ఇక్కడ మొదట ఒంటబట్టాల్సింది ఎల్‌సీ పద్ధతి (లైన్ క్లియర్, అంటే సప్లై తీసి పనికి అనుమతి ఇచ్చే విధానం). బ్రేకర్ ఆఫ్ చేశాకే ఐసోలేటర్ (లైన్‌ను విడదీసే స్విచ్) తెరవాలి. లోడ్ మీద ఐసోలేటర్ లాగితే ఆర్క్ మనిషిని మింగేస్తుంది. తర్వాత సప్లై లేదని టెస్ట్ చేసి, పని జరిగే చోటుకు రెండు వైపులా ఎర్త్ చేశాకే మనిషిని పైకి ఎక్కించాలి. 11 కేవీ లైన్లలో అయితే ఎవరింట్లోనో జనరేటర్ నుంచి రివర్స్ సప్లై వచ్చి ప్రాణాలు పోయిన సంగతులు మనందరం వింటూనే ఉన్నాం.

2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. వాళ్లలో ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు) కూడా ఉన్నారు. ఆ వార్త తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. చెల్లెమ్మ ఎక్కడ చేరినా మొదటి వారంలోనే ఎమర్జెన్సీ దారులు నడిచి చూసుకోమనండి. కోర్సా, అప్రెంటిసా అన్నది నాకు ఆ తర్వాతే.

షిఫ్ట్_సి_మేడమ్:
పాల్వంచ తమ్ముడూ, ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. అమ్మాయి అనగానే ప్లానింగ్ సెల్‌లోనో రికార్డుల దగ్గరో కూర్చోబెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. వాళ్లు అనుకునేది ‘అమ్మాయికి ఇబ్బంది ఎందుకు’ అనే. కానీ ఏడాది తిరిగేసరికి తనతో చేరిన అబ్బాయిలకు బాయిలర్, టర్బైన్, స్విచ్‌యార్డ్ అన్నీ తెలిసి ఉంటాయి, తనకు ఫైళ్లు తెలిసి ఉంటాయి. చేరేటప్పుడే అడగాలి: ఏ డిపార్ట్‌మెంట్‌లో ఎన్ని వారాలు, షిఫ్ట్ ఇన్‌ఛార్జి కింద వేస్తారా, నైట్ షిఫ్ట్‌కి రవాణా ఉందా? ఫీల్డ్ రొటేషన్ రాసి ఇవ్వమనాలి. గట్టిగా అడిగినవాళ్లకు ఇస్తారు, నేను చూశాను. ఫీల్డ్ ఇవ్వనిచోట ఏడాది పోగొట్టుకోవద్దు. అలాంటి అప్రెంటిస్‌కన్నా నైవేలీ తమ్ముడు చెప్పిన కోర్సే నయం.

పాల్వంచ_అన్న:
చాలా థాంక్స్ మేడమ్, అందరికీ. ఒక్క సందేహం. ముందు చిన్న కంపెనీలో ఏదో ఒక ఉద్యోగం చేసి, తర్వాత అప్రెంటిస్‌కి వెళ్లొచ్చా?

యూనిట్_డెస్క్:
వద్దు. ఏడాది, అంతకు మించి ఉద్యోగ అనుభవం ఉంటే నాట్స్ కింద తీసుకోరు. డిగ్రీ పాతబడినా కష్టమే. అందుకే వరస ముఖ్యం. ఇప్పుడే నాట్స్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించండి. రామగుండం, సింహాద్రి, జెన్‌కో, సింగరేణి నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. ఆ పక్కనే జెన్‌కో, ట్రాన్స్‌కో ఏఈ పరీక్షలకు చదువు ఆపొద్దు, అవి వచ్చినప్పుడే వస్తాయి.

నైవేలీ_బ్యాచ్:
కోర్సు అడ్మిషన్ గడువు దాటిపోతే? రెండూ చేజారితే ఎవరు బాధ్యులు?

యూనిట్_డెస్క్:
దానికీ అప్లై చేయమనండి. అడ్మిషన్ ఫీజు కట్టే ఆఖరు తేదీ దాకా ఆగండి. ఆలోపు మేడమ్ చెప్పినట్టు ఫీల్డ్ రొటేషన్‌తో అప్రెంటిస్ ఆర్డర్ వస్తే అటే. రాకపోతే కోర్సు చేయించండి, నేను అడ్డు చెప్పను. ప్లాంట్‌లో చేరాక ట్రేసింగ్‌లో ఎక్కడ తట్టుకున్నా ఇక్కడే రాయమనండి, స్కీమ్ గీసి పెడతాను.