ఆర్‌వీ బేరం: ఎంఎస్‌ఆర్‌పీ మీద 30 శాతం పట్టుబట్టాలా, చివరి మొత్తం మీద నిలబడాలా?

డాలస్_ట్రైలర్ (చర్చ మొదలుపెట్టినవారు)
అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ (కారుకో ట్రక్కుకో తగిలించి లాక్కెళ్లే, ఇల్లు లాంటి ఆర్‌వీ) కొనాలనుకునే మనవాళ్ల చెవిన ముందుగా పడే సలహా ఒకటుంది: "స్టిక్కర్ ధర మీద 30 శాతం తగ్గించేదాకా కదలొద్దు." స్టిక్కర్ ధరంటే ఎంఎస్‌ఆర్‌పీ, తయారీదారు సూచించిన ధర. ఈ సలహాని నేను గట్టిగా సమర్థిస్తాను. లాట్‌లో నిలబెట్టిన బండ్లు చాలావరకు డీలర్ సొంత డబ్బుతో కొన్నవి కావు, ఫ్లోర్‌ప్లాన్ అప్పుతో (అమ్మకానికి సరుకు తెచ్చుకోవడానికి డీలర్ తీసుకునే అప్పుతో) తెచ్చినవి. రోజులు గడిచేకొద్దీ వడ్డీ పెరుగుతుంది. ఏడాది దాటితే అసలులో కొంత కట్టమని బ్యాంకు అడగడమూ మామూలే. పైగా వేసవిలో కొత్త మోడల్ ఇయర్ బండ్లు దిగగానే పాతవాటి విలువ పడిపోతుంది. అక్టోబరు నుంచి జనవరి దాకా అడిగితే 30 దొరుకుతుంది. మీరేమంటారు?

లెక్క_తేలాలి
శాతం పట్టుకుని వేలాడితే మోసపోయేది కొనేవాడేనండీ. ఉదాహరణకి స్టిక్కర్ 48,000 డాలర్లు అనుకుందాం.

మొదటి డీలర్ 30 శాతం తగ్గించి 33,600 అన్నాడు. కాగితం చేతికొచ్చేసరికి ఫ్రైట్ (రవాణా ఖర్చు) 1,800, ప్రెప్ (బండిని సిద్ధం చేసే ఖర్చు) 1,495, డాక్ ఫీ (కాగితాల పని రుసుము) 899, బ్యాటరీ-హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) ప్యాకేజీ 1,200 వచ్చి చేరాయి. మొత్తం 38,994.
రెండో డీలర్ తగ్గించింది 26 శాతమే, అంటే 35,520. ఫ్రైట్, ప్రెప్ అందులోనే. డాక్ ఫీ 299. మొత్తం 35,819.

పన్నుకు ముందే తేడా 3,175 డాలర్లు. ఎక్కువ శాతం తగ్గించినవాడి బండే ఖరీదైంది. కాబట్టి అడగాల్సింది ఒక్కటే: పన్ను, టైటిల్, రిజిస్ట్రేషన్, ఫీజులు అన్నీ కలిపిన అవుట్-ద-డోర్ మొత్తం, వీఐఎన్ (బండి గుర్తింపు) నంబరుతో సహా, ఈమెయిల్‌లో. ఇంకో మాట. ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో డాక్ ఫీకి చట్టపరమైన పరిమితి లేదు. "ఆ ఫీజు తీసెయ్యండి" అంటే మా పాలసీ ఒప్పుకోదంటారు. దాని జోలికి పోకుండా బండి ధరలో అంతే తగ్గించమనండి.

డాలస్_ట్రైలర్
మీ లెక్క ఒప్పుకుంటున్నాను. కానీ కొత్తగా కొనేవాళ్లకి ఏది న్యాయమైన ధరో తెలియాలంటే ఒక కొలబద్ద ఉండాలి కదా? 30 శాతం ఆ పనే చేస్తుంది.

హిచ్‌పిన్_ఒహాయో
అన్ని బండ్లకూ ఒకే కొలబద్ద పనికిరాదు. ఎయిర్‌స్ట్రీమ్ (ఖరీదైన అల్యూమినియం ట్రైలర్ల బ్రాండు) మీద 30 అడిగితే సంభాషణ అక్కడితో ముగుస్తుంది. మామూలు చెక్క ఫ్రేము ట్రైలర్ మీద ఆ సంఖ్యకి అర్థముంది. ఇంకా మంచి కొలబద్ద ఏమిటంటే, అదే మోడల్, అదే లోపలి గదుల అమరిక ఉన్న నలుగురైదుగురు డీలర్లకి ఒకే రోజు ఈమెయిల్ పెట్టి మొత్తాలు తెప్పించుకోవడం. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతంలోనే ఎక్కువ బండ్లు తయారవుతాయి గనక, దూరాన్నిబట్టి ఫ్రైట్ ఎలా మారుతుందో కూడా అందులో బయటపడుతుంది.

వాయిదా_వద్దు
ధర ఎంత బాగా తెగ్గొట్టినా ఫైనాన్స్ గదిలో పోగొట్టుకోవచ్చు. "నెలకి ఎంతైతే మీకు వీలు?" అన్న ప్రశ్నకి జవాబే ఇవ్వకండి. 35,000 అప్పు 15 ఏళ్లకి 8 శాతం వడ్డీతో తీసుకుంటే వాయిదా సుమారు 334 డాలర్లు. అదే అప్పు 20 ఏళ్లకి, 9 శాతానికి మారిస్తే వాయిదా 315కి తగ్గుతుంది, వినడానికి బాగుంటుంది. కానీ మొత్తం చెల్లింపు దాదాపు 60,200 నుంచి 75,600కి పోతుంది. బ్యాంకు ఇచ్చే రేటు మీద డీలర్ కొంత కలిపి తన వాటా తీసుకోవచ్చు. అందుకే ముందుగా మీ క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార బ్యాంకు) నుంచి ప్రీ-అప్రూవల్ (అప్పుకి ముందస్తు ఆమోదం) తెచ్చుకోండి.

ఇక నగదుతో కొనేవాళ్లు ఆ సంగతి మొదటే చెబితే తగ్గింపు పెరుగుతుందనుకుంటారు. నిజానికి అప్పు ఇప్పిస్తేనే డీలర్‌కి అదనపు రాబడి. ధర రాతపూర్వకంగా ఖాయమయ్యేదాకా ఎలా కడతారో చెప్పాల్సిన పని లేదు.

హిచ్‌పిన్_ఒహాయో
ఒక్క సవరణ: అబద్ధం చెప్పొద్దు. "ముందు ధర తేలనివ్వండి, తర్వాత మాట్లాడదాం" అంటే చాలు.

సీల్_చూడు
అందరూ ధర గురించే మాట్లాడుతున్నారు. సంతకానికి ముందు చేసే తనిఖీ, అదే పీడీఐ, గురించి ఎవరూ ఎత్తలేదు. బేరంలో మీకున్న అసలు బలం అక్కడే ఉంది. డబ్బు కట్టాక లోపం కనిపిస్తే మీ బండి సర్వీసు వరుసలో చివర నిలబడుతుంది. కట్టకముందు కనిపిస్తే అమ్మకం ఆగుతుంది కాబట్టి వెంటనే సరిచేస్తారు. "మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు" అన్నది అపోహ. ఫెడరల్ కూలింగ్-ఆఫ్ నిబంధన షోరూంలో జరిగిన అమ్మకానికి వర్తించదు. లోపాలున్న బండి కొన్నవాళ్లని కాపాడే లెమన్ చట్టాలు కూడా చాలా రాష్ట్రాల్లో వెనక తగిలించి లాక్కెళ్లే ట్రైలర్లని కలుపుకోవు.

మూడు గంటలు కేటాయించండి. ఫ్రిజ్ గ్యాస్-కరెంటు రకమైతే చల్లబడటానికి గంటలు పడుతుంది, ముందురోజే ఆన్ చేసి ఉంచమని చెప్పండి. వాటర్ హీటర్ ట్యాంకు నిండకుండా కరెంటు స్విచ్ వేస్తే ఎలిమెంట్ క్షణాల్లో కాలిపోతుంది, కాబట్టి ముందు వేడినీళ్ల కుళాయిలో ధార నిలకడగా వస్తోందో చూడండి. తర్వాత కుళాయిలన్నీ కట్టేసి వాటర్ పంపు ఆన్ చేయండి. ఒత్తిడి నిండాక పంపు ఆగిపోవాలి. కాసేపయ్యాక దానంతటదే "గుర్ర్" మని మళ్లీ తిరిగితే ఎక్కడో నీరు కారుతోందన్నమాటే. సింకు కింద, టాయిలెట్ వెనక జాయింట్లు వేలితో తడిమి చూడండి. స్లయిడ్-అవుట్ (బయటికి జరిగి గదిని పెద్దది చేసే భాగం) రెండుసార్లు బయటికీ లోపలికీ నడిపించండి. నిచ్చెనెక్కి పైకప్పు మూలల్లో, వెంట్ల చుట్టూ సీలెంట్ ఎక్కడైనా తెగిందేమో చూడండి. టైరు మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు 2324 అయితే అది 2024లో 23వ వారం తయారైనది.

"అది తర్వాత వేయిస్తాం లెండి" అన్న ప్రతి మాటా "వీ ఓ" కాగితం (డీలర్ ఇంకా చేసిపెట్టాల్సినవి రాసే "We Owe" పత్రం) మీదకి ఎక్కాలి, తేదీతో, మేనేజర్ సంతకంతో. డిపాజిట్ రసీదు మీద "పీడీఐ తృప్తికరంగా లేకపోతే పూర్తిగా వాపసు" అని రాయించుకోండి.

డాలస్_ట్రైలర్
ఇది నేను తక్కువ అంచనా వేశాను. అయినా ఒక చిక్కుంది. 400 మైళ్ల దూరంలో 2,000 తక్కువకి దొరికితే, అక్కడ కొనాలా, ఊళ్లో కొనాలా? వారంటీ పనికి చాలామంది డీలర్లు తమ దగ్గర కొన్నవాళ్లకే ముందు అపాయింట్‌మెంట్ ఇస్తారు.

సీల్_చూడు
కొనకముందే ఊళ్లోని డీలర్ సర్వీసు విభాగానికి ఫోన్ చేసి అడగండి: "వేరేచోట కొన్న ఇదే బ్రాండు బండికి వారంటీ పని చేస్తారా, ఎన్ని వారాలు పడుతుంది?" వాళ్లు "చేయం" అంటే 2,000 తేడా నాకు చాలదు. చేస్తామని, నాలుగు వారాల్లోపే అంటే దూరమే నయం.

లెక్క_తేలాలి
ఆ దూరపు కొటేషన్‌ని ఊరి డీలర్ ముందు పెట్టి "ఇందులో సగం తేడా తగ్గించండి, ఈరోజే డిపాజిట్ కడతాను" అనొచ్చు కదా. ఒకవేళ పాత ట్రైలర్ డీలర్‌కే మార్పిడికి (ట్రేడ్-ఇన్) ఇస్తున్నట్లయితే దాని ధర ఈ మాటల్లోకి రానీయకండి, విడిగా తేల్చండి. చాలా రాష్ట్రాల్లో ట్రేడ్-ఇన్ విలువ తీసేశాకే సేల్స్ టాక్స్ వేస్తారు, కాలిఫోర్నియాలో మాత్రం పూర్తి ధర మీద వేస్తారు. అక్కడున్నవాళ్లు పాతదాన్ని సొంతంగా అమ్ముకుంటే ఎంతొస్తుందో ముందే చూసుకోవాలి.