అప్‌డేట్: మా అన్నయ్య కూతురు డీఓ కోర్సులో చేరింది

అమెరికాలో డాక్టరు కావడానికి ఎండీ, డీఓ (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) అని రెండు డిగ్రీలు ఉన్నాయి. మా అన్నయ్య కూతురికి ఎండీకి బదులు డీఓ సీటు వచ్చింది, ఆ డిగ్రీకి బయటి దేశాల్లో విలువ ఉంటుందా అని ఇంతకుముందు అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయి చేరింది.

అమెరికా వరకు మా భయం పూర్తిగా తీరింది. నాలుగేళ్ల చదువు, ఆపైన రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ. 2020 నుంచి ఎండీలకూ డీఓలకూ రెసిడెన్సీ గుర్తింపు ఒకే వ్యవస్థ కింద ఉంది. 50 రాష్ట్రాల్లోనూ మందులు రాయవచ్చు, ఆపరేషన్లు చేయవచ్చు. ‘ఎముకలు సర్దే చదువట’ అని చుట్టాలు తీసిపారేసినప్పుడు నాకు చాలా బాధ వేసింది. చేతులతో చేసే చికిత్స అదనంగా నేర్పుతారు, అంతే. మొదటి ల్యాబ్‌లో తోటి విద్యార్థిని బల్లమీద బోర్లా పడుకోబెట్టి, కళ్లు మూసుకుని వెన్నుపూసలను వేళ్లతో ఒక్కొక్కటిగా గుర్తించమన్నారట. వీడియో కాల్‌లో వాళ్ల నాన్న మెడ మీద చేసి చూపించింది.

చిక్కంతా విదేశాల దగ్గరే. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో చదివిన ఆస్టియోపాత్‌లు (ఎముకలకు, కండరాలకు చేతులతో చికిత్స చేసేవాళ్లు) వైద్యులు కారు, మందులు రాయలేరు. అమెరికా డీఓలను మాత్రం బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ వైద్యులుగానే పరిగణిస్తుంది. ఒక దేశం ఒప్పుకున్నంత మాత్రాన ఇంకో దేశం ఒప్పుకోవాలని లేదు. మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ మాటే చెల్లుతుంది కనుక, వాళ్ల నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోమని అన్నయ్యకు గట్టిగా చెప్పాను.

డీఓల లైసెన్సు పరీక్ష కామ్‌లెక్స్‌తో పాటు ఎండీలు రాసే లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ కూడా రాసిన డీఓలు ఎవరైనా ఉంటే, రెండింటికీ ఎలా చదివారో దయచేసి చెప్పండి.