గంజాయి డిస్పెన్సరీకి షాపు అద్దెకిచ్చి, అందులో వాటా తీసుకుంటే వచ్చే చిక్కులు (చర్చ)

ఎడిసన్_రమణ
న్యూజెర్సీలో స్ట్రిప్ మాల్. రాష్ట్ర లైసెన్సున్న గంజాయి డిస్పెన్సరీ (గంజాయి అమ్మే దుకాణం) వాళ్లు 2,400 చదరపుటడుగుల షాపు అడుగుతున్నారు. అద్దె బాగా ఇస్తామంటున్నారు, పది శాతం వాటా కూడా ఇస్తారట. మాల్ మీద బ్యాంకు లోనుంది. వాటా మా బావమరిది పేరున పెడదామనుకుంటున్నాం, ఆయనది గ్రీన్‌కార్డు. తెలుసుకోవాల్సినవి నాలుగు: లోను, పన్ను, నగదులో అద్దె, షాపు పేరుకి ట్రేడ్‌మార్క్.

వీసా_వేణు
బావమరిది పేరు వద్దే వద్దు. ఇమ్మిగ్రేషన్ చట్టం ఫెడరల్‌ది, అంటే కేంద్రానిది. రాష్ట్రం లైసెన్సిచ్చినా దాని లెక్కలో డిస్పెన్సరీ వాటాదారుడంటే డ్రగ్స్ అమ్మేవాడే. కేసు, శిక్ష ఏవీ అక్కర్లేదు. "నమ్మడానికి కారణముంది" అని అధికారి తేలిస్తే చాలు, దేశంలో ప్రవేశానికి అనర్హుడే. ఆ డబ్బని తెలిసీ గత ఐదేళ్లలో దాంతో లాభపడిన భార్యాపిల్లలకీ అదే గతి. కొద్దిపాటి సొంత వాడకానికి, అదీ 30 గ్రాముల లోపు ఒక్కసారికి, మాఫీ అడిగే దారి ఉంది. అమ్మకానికి లేదు. సిటిజన్‌షిప్ దరఖాస్తులో ఈ పరిశ్రమలో పని కూడా సత్ప్రవర్తనకు అడ్డు కావచ్చని ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లోనే రాతపూర్వకంగా చెప్పింది. పైగా గ్రీన్‌కార్డు మీద హైదరాబాద్ వెళ్లొస్తే, ఇలాంటి వాళ్లని ఎయిర్‌పోర్టులో కొత్తగా ప్రవేశం అడుగుతున్నట్టు చూస్తారు.

స్టోర్_శ్రీను
అన్నా, ఊరికే భయపెట్టకు. రాష్ట్ర చట్టం ప్రకారం నడిచే షాపుల జోలికి పోవడానికి పైసా ఖర్చు పెట్టొద్దని 2014 నుంచి కాంగ్రెస్ ప్రతి బడ్జెట్‌లో రాస్తనే ఉంది.

వీసా_వేణు
సగమే చదివారు. అది మెడికల్ గంజాయికే, రిక్రియేషనల్‌కి కాదు. కట్టడి కూడా న్యాయశాఖకే. వీసాలు, గ్రీన్‌కార్డులు చూసేది వేరే శాఖ. ధైర్యం చెప్పిన కోల్ మెమో (రాష్ట్ర చట్టం పాటించేవాళ్ల జోలికి పెద్దగా పోవద్దన్న న్యాయశాఖ సూచన) కూడా 2018 జనవరిలో పోయింది.

సీపీఏ_మధు
లోను తర్వాత, ముందు 280ఈ. ఫెడరల్ పన్ను చట్టంలో 1982 నుంచి ఉన్న సెక్షన్. షెడ్యూల్ 1, 2 (ఫెడరల్ చట్టం కట్టుదిట్టంగా చూసే డ్రగ్స్ జాబితాలు) సరుకు అమ్మితే సరుకు ఖరీదు తప్ప ఏ ఖర్చూ తీసివేయనివ్వదు. అమ్మకాలు 10 లక్షల డాలర్లు, సరుకు 6 లక్షలు, అద్దె, జీతాలు, సెక్యూరిటీ 3 లక్షలు అనుకోండి. మిగిలేది లక్ష. పన్ను వేసేది 4 లక్షల మీద. సీ కార్పొరేషన్ (కంపెనీయే పన్ను కట్టే రకం) అయితే 21 శాతం లెక్కన 84 వేలు పోయి 16 వేలు మిగులుతుంది. పార్ట్‌నర్‌షిప్‌గా పన్ను కట్టే ఎల్‌ఎల్‌సీ (పన్ను వాటాదారులే కట్టే రకం) అయితే పది శాతం వాటాకి కే-1లో (వాటాదారుకిచ్చే పన్ను పత్రం) 40 వేలు పడుతుంది, అసలు లాభం 10 వేలే. 37 శాతం స్లాబులో ఉంటే పన్ను 14,800. చేతికి పైసా పంచకపోయినా కట్టాలి.
న్యూజెర్సీ రాష్ట్ర పన్నులో 2023 చట్టంతో ఈ బాధ తీరింది, ఫెడరల్‌లో లేదు. దారేంటంటే, ఉద్యోగుల్ని, అద్దెని వేరే మేనేజ్‌మెంట్ కంపెనీలో పెట్టాలి. అది సరుకు ముట్టుకోదు కాబట్టి ఖర్చులన్నీ తీసివేయొచ్చు. 280ఈ ఫైళ్లు నేను చూసినన్ని ఈ గ్రూపులో ఎవరూ చూసుండరు.

టాక్స్_లక్ష్మి
మధు గారూ, ఈ సలహా నమ్మి దిగితే మునిగిపోతారు. సరిగ్గా ఈ ఏర్పాటునే టాక్స్ కోర్టు 2018లో ఆల్టర్నేటివ్ హెల్త్ కేర్ అడ్వొకేట్స్ కేసులో కొట్టేసింది. డిస్పెన్సరీ తను కట్టిన ఫీజు తీసివేయలేకపోయింది. ఆ ఫీజునే ఆదాయంగా చూపిన మేనేజ్‌మెంట్ కంపెనీ జీతాలు తీసివేయలేకపోయింది. ఒకే డబ్బు మీద రెండుసార్లు దెబ్బ.

సీపీఏ_మధు
ఆ కంపెనీ చేసిందంతా ఆ ఒక్క డిస్పెన్సరీ పనే. నలుగురైదుగురు వేరే క్లయింట్లుంటే కథ వేరు. అదీ కాకపోతే పన్ను చట్టంలో 471సీ సెక్షన్ ఉంది, చిన్న వ్యాపారం తన పుస్తకాల పద్ధతిలో ఖర్చులు సరుకు ఖరీదులో కలుపుకోవచ్చు.

టాక్స్_లక్ష్మి
అలా కలుపుకోవడం కుదరదని 2021 జనవరి రెగ్యులేషన్లలో ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్‌ఎస్ తేల్చేసింది. రిటైల్ షాపుకి ఇన్‌వాయిస్ ధర, అందులోంచి డిస్కౌంట్ తీసేసి, రవాణా ఖర్చు కలిపితే అంతే. పండించేవాళ్లకి కొంత వెసులుబాటుంది, కరెంటు, కూలి సరుకు ఖరీదులోకి వస్తాయి.

సీపీఏ_మధు
రెగ్యులేషన్ చట్టం కాదండీ. కోర్టులో వాదించొచ్చు.

టాక్స్_లక్ష్మి
వాదించండి. కానీ రిటర్నుతో పాటు ఫారం 8275-ఆర్ పెడుతున్నారా? రెగ్యులేషన్‌కి ఎదురు వెళ్తున్నామని చెప్పే ఫారం అదే. పెట్టకపోతే పన్నుకి తోడు 20 శాతం పెనాల్టీ, అదీ క్లయింటు నెత్తిన. ఆ మాట వాళ్లకి ముందే చెప్పాలి కదా!

స్టోర్_శ్రీను
గంజాయిని షెడ్యూల్ 3కి (కట్టడి తక్కువున్న జాబితా) మార్చాలని 2024 మేలోనే ప్రతిపాదన పెట్టిండ్రు గదా. మారితే 280ఈ వర్తించదు. ఇంత కొట్లాట ఎందుకు?

టాక్స్_లక్ష్మి
ప్రతిపాదన చూపించి రిటర్ను వేయలేరు. పాత సంవత్సరాల బాకీ ఎటూ పోదు.

వీసా_వేణు
షెడ్యూల్ 3లో ఉన్నా అది కంట్రోల్డ్ సబ్‌స్టెన్సే. గ్రీన్‌కార్డు సమస్య ఇంచు కూడా కదలదు.

గ్యాస్‌స్టేషన్_మూర్తి
ఇదంతా ఎందుకండీ, హెంప్ (మత్తు తక్కువుండే గంజాయి రకం) గమ్మీలు పెట్టుకుంటే లైసెన్సు గొడవే లేదు. 2018 ఫార్మ్ బిల్లులో టీహెచ్‌సీ (మత్తునిచ్చే పదార్థం) 0.3 శాతం లోపు అయితే చట్టబద్ధమే.

టాక్స్_లక్ష్మి
ఆ నిర్వచనాన్ని 2025 నవంబరులో మార్చారు. ఏడాది గడువు తర్వాత ఒక్క డబ్బాలో మొత్తం టీహెచ్‌సీ 0.4 మిల్లీగ్రాములకి మించకూడదు. మామూలు గమ్మీ ఒక్కదాంట్లోనే 5 ఉంటుంది. స్టాకు పెంచుకోకండి.

విశాఖ_కుర్రాడు
మన దగ్గర 20 కిలోలకి మించి దొరికితే పదేళ్లకి తక్కువ పడదు, అక్కడ వాటాలు పంచుకుంటున్నారు!

మోడరేటర్
ఎన్‌డీపీఎస్ (ఇండియా మాదకద్రవ్యాల చట్టం) గురించి వేరే చర్చ తెరవండి. ఇక్కడ రమణ గారు అడిగినదానికి సమాధానం ఇవ్వండి.

మాల్_ప్రసాద్
నగదు అద్దె నేను చెప్తా. పన్నెండు నెలల్లో ఒకే కిరాయిదారు నుంచి వచ్చిన నగదు 10,000 డాలర్లు దాటిన 15 రోజుల్లో ఐఆర్‌ఎస్‌కి ఫారం 8300 వేయాలి. కిరాయిదారుకి జనవరి 31 లోపు రాతపూర్వకంగా తెలియజేయాలి. 9,000 చొప్పున విడగొట్టి తీసుకుంటే సరిపోతుందనుకోవద్దు, రిపోర్టు తప్పించుకోడానికి విడగొట్టడమే నేరం. డిస్పెన్సరీల ఖాతాలు తీసుకునే క్రెడిట్ యూనియన్లు ఉన్నాయి. ఫిన్‌సెన్ (మనీ లాండరింగ్ మీద కన్నేసే ఫెడరల్ సంస్థ) 2014 మార్గదర్శకాల ప్రకారం అనుమానాస్పద లావాదేవీ రిపోర్టులు వేస్తూనే నడుపుతారు. అలాంటి ఖాతా ఉందని చూపిస్తేనే, అద్దె ఏసీహెచ్‌లో (బ్యాంకు నుంచి బ్యాంకుకి) వస్తేనే సంతకం చేయండి.
లీజులో రెండు చూడండి. అమ్మకాల మీద శాతం అద్దె పెట్టకండి, వ్యాపారంలో మీకూ భాగముందన్న వాదనకి అది ఆధారమవుతుంది. ఫెడరల్ నోటీసు వస్తే వెంటనే ఖాళీ చేయించే హక్కు మీకుండాలి.

ఎడిసన్_రమణ
థాంక్స్ ప్రసాద్ గారూ. వాటా ఆలోచన మానుకున్నాం. లోను, ట్రేడ్‌మార్క్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

మాల్_ప్రసాద్
లోను పత్రాల్లో "అన్ని చట్టాలకూ లోబడి" అనే క్లాజు వెతకండి, ఫెడరల్ అని విడిగా ఉందేమో కూడా. ఉంటే డిస్పెన్సరీ అడుగుపెట్టిన రోజే డిఫాల్ట్ కింద లెక్కేసి లోనంతా ఒకేసారి కట్టమనగలరు. బ్యాంకు నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా లీజు ఇవ్వకండి. రేపు కష్టమొస్తే చాప్టర్ 11 (దివాలా చట్టం రక్షణ) ఉందిలే అనుకోవద్దు. కొలరాడోలో 2012లో రెంట్-రైట్ సూపర్ కెగ్స్ కేసులో గోదాం యజమాని ఆదాయంలో నాలుగో వంతు గంజాయి పండించేవాళ్ల అద్దెదని దివాలా కోర్టు రక్షణ ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

సీపీఏ_మధు
లక్ష్మి గారూ, 8275-ఆర్ పెడితే ఆడిట్‌ని పిలిచినట్టే. అది మాత్రం ఎందుకు చెప్పరు?

టాక్స్_లక్ష్మి
పెట్టకుండా ఆడిట్ వస్తే ఏమవుతుందో పైనే చెప్పాను.