సీ లాంగ్వేజ్‌లో లాంగ్‌జంప్: కోడ్ రివ్యూలో ఆపేయాలా, వదిలేయాలా?

మారతహళ్లి_కోడర్:
మా టీమ్ రెండు వర్గాలైపోయింది. మాకో ఫైల్ పార్సర్ ఉంది. ఫంక్షన్ లోపల ఫంక్షన్, చాలా లోతుకు పోతుంది. అడుగున ఎర్రర్ వస్తే ప్రతి ఫంక్షన్‌లోనూ ఎర్రర్ కోడ్ చెక్ చేసుకుంటూ పైకి రావాలి. కొత్తగా చేరిన కుర్రాడు ఆ చెక్‌లన్నీ పీకేసి పైన సెట్‌జంప్ పెట్టి తిరిగి రావాల్సిన చోటు గుర్తు పెట్టాడు, అడుగు నుంచి లాంగ్‌జంప్‌తో నేరుగా అక్కడికే వచ్చేస్తాడు. చదవడానికి హాయిగా ఉంది. లీడ్ ససేమిరా అంటున్నారు. మీరైతే?

ఈసిటీ_ఫర్మ్‌వేర్:
లీడ్‌దే రైటు. మాది కార్ల పని. మేం పాటించే భద్రతా నియమాల పుస్తకం మిస్రా సీ 2012లో రూల్ 21.4 అసలు సెట్‌జంప్ హెడర్ ఫైలే వాడొద్దంటుంది. లాంగ్‌జంప్ స్టాక్ పాయింటర్‌నీ కొన్ని రిజిస్టర్లనీ వెనక్కి తిప్పుతుంది, అంతే. మధ్యలో మాలాక్‌తో తీసుకున్న మెమరీ ఫ్రీ అవదు, పట్టుకున్న మ్యూటెక్స్ (ఒకసారికి ఒకే థ్రెడ్‌ని పోనిచ్చే లాక్) వదలదు. ఆ లాక్ కోసం వచ్చిన తర్వాతి థ్రెడ్ సాయంత్రం బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టే.

కోరమంగళ_డీబీ:
మరి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎలా నడుస్తోందండీ? ఎర్రర్లు పట్టుకునే దాని పీజీ ట్రై మాక్రో లోపలున్నది సిగ్‌సెట్‌జంపే, అదీ సెట్‌జంప్ రకమే. లువా లాంగ్వేజ్‌ని సీలో కంపైల్ చేసినా ఎర్రర్లు ఇలాగే పైకొస్తాయి. కాకపోతే పోస్ట్‌గ్రెస్‌లో మెమరీ అంతా కాంటెక్స్ట్‌లనే గుంపుల నుంచే తీసుకుంటారు. ఎర్రరొస్తే కాంటెక్స్ట్ మొత్తం ఒకేసారి ఖాళీ చేస్తారు, ఎవరెంత తీసుకున్నారో వెతకక్కర్లేదు. మీ పార్సర్‌లో అలాంటి ఏర్పాటు ఉందా?

మారతహళ్లి_కోడర్:
లేదండీ. ఎక్కడి మాలాక్ అక్కడే, ఎక్కడి ఫ్రీ అక్కడే.

కోరమంగళ_డీబీ:
అయితే ఈ ప్యాచ్ వరకు నేనూ లీడ్ పక్షమే. ముందు అరీనా (అలా ఒకేసారి ఖాళీ చేసే మెమరీ గుంపు) పెట్టమనండి, జంప్ సంగతి తర్వాత.

బీటీఎం_పాతకాపు:
అరీనా పెట్టినా ఇంకోటి ఉంది. లోకల్ వేరియబుల్ ‘పేజీలు’ 0తో మొదలైందనుకోండి. సెట్‌జంప్ అయ్యాక దాన్ని 5 చేశారు, లోపల ఎర్రరొచ్చి జంప్ అయింది. వెనక్కొచ్చాక ప్రింట్ చేస్తే డీబగ్ బిల్డ్‌లో 5 కనిపించి, ఆప్టిమైజ్ చేసిన బిల్డ్‌లో 0 రావచ్చు. వేరియబుల్‌కి వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే చదవమనే మాట) అని రాయకపోతే సీ స్టాండర్డ్ ఏ హామీ ఇవ్వదు. టెస్టింగ్‌లో అన్నీ పాసై, రిలీజయ్యాక మొదలవుతుంది టెన్షన్.

ఈసిటీ_ఫర్మ్‌వేర్:
అదే నేననేది. ఆ వోలటైల్ గుర్తుపెట్టుకుని రాసేదెవరు?

బీటీఎం_పాతకాపు:
అలాగని నిషేధిస్తే ఎలా బాబూ? పీఎన్‌జీ బొమ్మల లైబ్రరీ వాడితే ఎర్రర్ పట్టుకోవడానికి మామూలు దారి అదే. అన్నట్టు కోడర్ గారూ, ఆ అబ్బాయి సెట్‌జంప్ ఏ ఫంక్షన్‌లో పెట్టాడు? ఆ ఫంక్షన్ రిటర్న్ అయ్యాక జంప్ చేస్తే అండిఫైన్డ్ బిహేవియర్, ఏమైనా జరగొచ్చు.

మారతహళ్లి_కోడర్:
ఇనిట్‌లో పెట్టాడండీ, పార్సింగ్ మొదలయ్యేలోపే అది రిటర్న్ అయిపోతుంది. ప్యాచ్ వెనక్కి పంపేస్తున్నా.