సన్న గీతల ఇంగ్లిష్ ఫాంట్ చిన్న సైజులో, గుడ్డ లేబుల్ మీద నిలుస్తుందా?

జంపఖానా_ట్యాగు (వరంగల్)

అందరికీ నమస్తే. మా పెదనాన్న వాళ్లు కొత్తవాడలో జంపఖానాలు నేస్తారు. ఎగ్జిబిషన్ కోసం ప్రతి జంపఖానాకు ఒక అట్ట ట్యాగు, వెనక కుట్టే కాటన్ లేబుల్ నేనే డిజైన్ చేస్తున్నాను. పేరు ఇంగ్లిష్‌లో ప్లేఫెయిర్ డిస్‌ప్లే అనే ఫాంట్‌లో పెట్టాను, 36 పాయింట్లు. నిలువు గీత దిట్టంగా, అడ్డగీత వెంట్రుకంత సన్నగా ఉంటుంది కదా, ఆ తేడాలోనే దాని దర్జా అంతా ఉంది. మగ్గం మీద అంత ఓపికగా చేసిన పనికి అలాంటి అక్షరమే తగినదని నా నమ్మకం.

కింద ఉతికే పద్ధతి, కొలతలు, వరంగల్ దర్రీలకు (జంపఖానాలకు) 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన సంగతి ఉన్నాయి. ఇవి తెలుగులో, ఇంగ్లిష్‌లో 7 పాయింట్లు. ట్యాగు ముదురు మెరూన్, అక్షరాలు తెలుపు. ప్రెస్‌లో ఫైలు చూసి "చిన్నక్షరాలు పోతాయి, ఏరియల్ పెట్టుకో" అన్నారు. ఏరియల్ పెడితే బ్యాంకు ఫారంలా ఉంటుంది. స్క్రీన్ మీద జూమ్ చేస్తే అన్నీ స్పష్టంగానే కనిపిస్తున్నాయి. నిజంగా పోతాయా? పోతే ఏం చేయాలి?

పాత_ఆఫ్‌సెట్ (హనుమకొండ)

తమ్మీ, పోతాయన్న మాట నిజం. ఏరియల్ తప్ప దిక్కు లేదన్నది మాత్రం నిజం కాదు.

జూమ్ చేసి చూడకు, లెక్క వెయ్యి. సన్నగీత అక్షరం సైజులో యాభయ్యో వంతు అనుకుందాం. 36 పాయింట్లలో అది 0.72 పాయింట్, హాయిగా పడుతుంది. 7 పాయింట్లలో 0.14 పాయింట్, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. తెల్ల కాగితం మీద నల్ల గీతకే కనీసం 0.25 పాయింట్ అడుగుతాం. రంగులో తెల్లగా వదిలే గీతకైతే 0.5 ఉంటే తప్ప భరోసా ఉండదు, ఎందుకంటే రెండు వైపుల నుంచి సిరా లోపలికి పాకుతుంది. ఇంగ్లిష్ 'ఈ' అక్షరంలో అడ్డగీత పూడిపోయి 'సీ' అయి కూర్చుంటుంది. అందులోనూ మెరూన్‌ను నాలుగు రంగులు కలిపి వేస్తే, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోక కాస్త పక్కకు జరిగినా చాలు, గీత మాయం. మెరూన్ ఇంకు ఒక్కటే స్పెషల్‌గా కలిపించి వేయించు.

ఈ అక్షరం పుట్టుక తెలిస్తే దాని స్వభావం అర్థమవుతుంది. 1750లలో ఇంగ్లండ్‌లో బాస్కర్‌విల్ అనే ముద్రాపకుడు నున్నటి కాగితం మీద, చిక్కటి నల్ల సిరా మీద పట్టుబట్టి పనిచేశాడు. తర్వాత పారిస్‌లో డీడో కుటుంబం, ఇటలీలోని పార్మాలో బొడోనీ ఆ మందం–సన్నం తేడాను ఇక పెంచలేనంత దూరం తీసుకెళ్లారు. కానీ అప్పట్లో సీసపు అక్షరాలకు ఏ సైజుకు ఆ సైజు విడిగా చెక్కేవాళ్లు. చిన్న సైజుకు సన్నగీతను కొంచెం లావు చేసేవాళ్లు, అక్షరాల మధ్య సందు పెంచేవాళ్లు. మనమేమో కంప్యూటర్‌లో ఒకే బొమ్మను సాగదీసి, కుదించి వాడేస్తున్నాం. ప్లేఫెయిర్ డిస్‌ప్లే హెడ్డింగుల కోసం గీసిన ఫాంట్. దాన్ని 7కు కుదించడమే ఇక్కడ చిక్కు.

పేరుకు దాన్నే ఉంచు, చాలా బాగుంటుంది. చిన్నక్షరాలకు అదే కుటుంబంలో వచ్చిన ప్లేఫెయిర్ వాడు. 'డిస్‌ప్లే' అని లేకుండా గూగుల్ ఫాంట్స్‌లో విడిగా దొరుకుతుంది. అందులో సైజును బట్టి గీత మందం మారే ఏర్పాటు ఉంది. బొడోనీ మోడాలోనూ అంతే, 6 పాయింట్ల నుంచి 96 దాకా. రెండూ ఉచితమే, వ్యాపారానికీ వాడుకోవచ్చు. కోరల్‌డ్రా అయితే 2020 గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి. పేజ్‌మేకర్‌లో ఈ వేరియబుల్ ఫాంట్లు నడవవు.

గుండ్రాలు (కరీంనగర్)

తెలుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. తాటాకు మీద గంటంతో గీసిన రాత మనది, గీత అంతా దాదాపు ఒకే మందం. ఇంగ్లిష్ దర్జాకు జోడీ కావాలని తెలుగులోనూ అంతే తేడా ఉన్న ఫాంటు వెతకొద్దు. "చల్లటి నీళ్లలో ఉతకాలి" అని 7లో కొట్టి, అసలు సైజులో ప్రింటు తీసి చూడండి. 'ల్ల', 'ళ్ల' కింద ఒత్తులు ముద్దగా మారతాయి. నోటో సెరిఫ్ తెలుగు మీడియం 9 పాయింట్లు, లైను నుంచి లైనుకు 14 ఇవ్వండి. ఒత్తులకు చోటు దొరుకుతుంది. ట్యాగులో జాగా చాలకపోతే మాటలు తగ్గించండి, సైజు వద్దు.

స్క్రీన్_పని (హనుమకొండ)

కాటన్ లేబుల్ విషయానికొస్తే, నూలు సిరాను పీల్చి గీతను లావు చేస్తుంది, అదే సమయంలో నేత సందుల్లో గీత తెగుతుంది. చిన్నక్షరాల్లో ఈ రెండూ ఒకే పదంలో కనిపిస్తాయి. స్క్రీన్ ప్రింటింగ్‌లో సన్న మెష్ (జల్లెడ గుడ్డ) వాడినా సన్నగీతకు గ్యారంటీ ఇవ్వను. లేబుల్ మీద పేరు ఒక్కటే వేయండి, 30 పాయింట్లకు తగ్గకుండా. తెల్ల గుడ్డ మీద మెరూన్ అక్షరం కావాలి, తిరగేసి కాదు. మిగతాదంతా అట్ట ట్యాగుకే వదిలేయండి.

జంపఖానా_ట్యాగు (వరంగల్)

అన్నలకు చాలా థాంక్స్. లేబుల్ మీద పేరు మాత్రమే ఉంచుతున్నాను. ట్యాగు ముందు వైపు మెరూన్ మీద తెల్ల పేరు, వెనక వైపు తెల్ల అట్ట మీద మెరూన్ చిన్నక్షరాలు. తెలుగు 9, ఇంగ్లిష్ 8. ఒక్క డౌటు: అట్టకు మ్యాట్ లామినేషన్ చేయిస్తే గీతలు దెబ్బతింటాయా?

పాత_ఆఫ్‌సెట్ (హనుమకొండ)

లామినేషన్‌తో గీతకు ఏమీ కాదు, ఇంకు బాగా ఆరాక చేయించు. అట్ట మాత్రం నున్నటి ఆర్ట్ కార్డే తీసుకో, గరుకు హ్యాండ్‌మేడ్ వద్దు. మొత్తం వేసేముందు అదే అట్ట మీద ఒక ప్రూఫ్ (నమూనా ప్రింటు) అడుగు, లాప్‌టాప్ ముందు కాదు, ఎండలో నిలబడి చదువు.