టేబుల్ మీది ప్రింటర్ తీసేస్తే కాగితం తగ్గుతుందా?

కృష్ణ ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు)

గుంటూరు, విజయవాడల మధ్య ఒక యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నాను. క్యాంపస్ పర్యావరణ కమిటీలో నన్ను కూడా వేశారు. ప్రస్తుతం కమిటీ ముందు ఒక ప్రతిపాదన ఉంది. పరిపాలనా భవనంలో టేబుల్‌కొకటి చొప్పున ఉన్న చిన్న లేజర్ ప్రింటర్లన్నీ తీసేసి, అంతస్తుకొక పెద్ద మెషిన్ పెడతారట. ఎవరైనా దానికే ప్రింట్ పంపాలి, అక్కడికి వెళ్ళి పిన్ నొక్కి తీసుకోవాలి. రెండు వైపులా ప్రింట్ తీయడం తప్పనిసరి. యూనివర్సిటీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే న్యాక్ మదింపులో పర్యావరణాన్ని కూడా చూస్తారు కదా, పైనుంచి తొందర కూడా ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెషిన్లు మార్చొద్దని నేను అనను. కానీ కాగితం ఖర్చు మొదలయ్యేది "మూడు సెట్లు జతపరచవలెను" అని సర్క్యులర్‌లో రాసిన దగ్గర. ఆ వాక్యాన్ని ముట్టుకోకుండా ప్రింటర్లు తీసేస్తే అదే కాగితం గేటు బయట జెరాక్స్ షాపులో, విద్యార్థి డబ్బుతో ప్రింట్ అవుతుంది. మన ఇండెంట్లో రిమ్ములు తగ్గినట్టు కనిపిస్తాయి, అంతే. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, విద్యార్థులు ఏమంటారో వినాలని ఉంది.

సెక్షన్ నుంచి

నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో సూపరింటెండెంట్‌ని మేడమ్. మాలాంటి సెక్షన్ల వల్లే కాగితం తగలబడుతోందని అందరూ అంటారు. ఒక ఉద్యోగికి ఇంక్రిమెంట్ ప్రొసీడింగ్స్ ఇస్తాం. సంతకం కింద "కాపీ టు" అని ఉంటుంది చూడండి: ఆ ఉద్యోగి, డిపార్ట్‌మెంట్ హెడ్, ప్రిన్సిపాల్, ఫైనాన్స్ ఆఫీసర్, ఆడిట్, పీఏ టు వీసీ, పీఏ టు రిజిస్ట్రార్, సర్వీస్ రిజిస్టర్, స్టాక్ ఫైలు, స్పేర్. ఒక్క పేజీ ఆర్డరుకి పది కాగితాలు. ఎవరికైనా ఒక కాపీ తగ్గిస్తే "నాకు సమాచారం ఇవ్వలేదేం?" అని ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ ఎత్తాల్సింది నేను, కమిటీ కాదు.

ఇక రెండు వైపులా ప్రింట్ సంగతి. వానాకాలం మన దగ్గర గాలిలో ఎంత తేమ ఉంటుందో తెలుసు కదా. కవర్ విప్పిన రిమ్ము ట్రేలో రెండు రోజులుంటే చాలు, కాగితం మెత్తబడిపోతుంది. ఒక వైపు ప్రింటయ్యేసరికి వేడికి అంచు ముడుచుకుంటుంది. రెండో వైపు కోసం మళ్ళీ లోపలికి పోతూ ఇరుక్కుంటుంది. అటెండర్ వెనక తలుపు తీసి చిరిగిన ముక్కలు లాగుతూ నిలబడతాడు. 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 70 గ్రాముల బరువు) పల్చటి కాగితమైతే మరీ ఇబ్బంది. ఇంకో చిక్కు: ఫైల్లో ఎడమ పక్క పంచ్ వేసి ట్యాగు కడతాం. కాగితం తిప్పితే ఆ రంధ్రం కుడి పక్క అక్షరాల మీద పడుతుంది. ఆడిట్ రోజున ఆ అక్షరాలు ఎక్కడని అడిగితే ఏం చెప్పాలి?

ఛార్జి మెమోలు, విచారణ నివేదికలు మా సెక్షన్లోనే తయారవుతాయి. వాటిని కారిడార్లో ఉన్న మెషిన్‌కి పంపమంటే నేను ఒప్పుకోను.

నెట్‌వర్క్ గది

సూపరింటెండెంట్ గారు చెప్పిన ఇబ్బందులు నిజమే. కానీ వాటిలో చాలావాటికి దారి ఉంది సార్.

పిన్ పద్ధతిలో మీరు పంపిన ఛార్జి మెమో బయటికి వచ్చి ట్రేలో పడి ఉండదు. మీరు మెషిన్ ముందు నిలబడి పిన్ కొట్టాకే ప్రింట్ మొదలవుతుంది. ఇప్పుడు జరుగుతున్నట్టు ఎవరో పంపి మర్చిపోయిన కాగితాలు మధ్యాహ్నానికి పక్కన కట్టగా పోగుపడటం కూడా ఆగుతుంది. ట్యాగు రంధ్రానికి వర్డ్‌లో మిర్రర్ మార్జిన్స్ పెడితే వెనక పేజీకి కుడి పక్క ఖాళీ దానంతటదే వస్తుంది. రిమ్ము ఒకేసారి విప్పి ట్రే నింపకుండా ఆ పూటకి కావలసినంత పెట్టుకుని, మిగతాది కవర్‌లోనే మడిచి ఉంచితే ఇరుక్కోవడం బాగా తగ్గుతుంది.

లెక్క కావాలంటే, ఏ4 అంటే చదరపు మీటరులో పదహారో వంతు. 80 జీఎస్ఎమ్ కాగితం ఒకటి 5 గ్రాములు, 500 కాగితాల రిమ్ము రెండున్నర కిలోలు. మీ పది కాపీల ఇంక్రిమెంట్ ఆర్డరు 50 గ్రాములు. వందమందికి ఇంక్రిమెంట్ ఇస్తే 5 కిలోలు, అంటే రెండు రిమ్ములు.

కాగితం ఒక్కటే కాదు. లేజర్ ప్రింటర్లో టోనర్ అంటే రంగు కలిపిన ప్లాస్టిక్ పొడి. దాన్ని కాగితానికి అతికించడానికి లోపలి రోలర్ రెండొందల డిగ్రీల దాకా వేడెక్కుతుంది. గంటకో పేజీ తీసే చిన్న ప్రింటర్ చల్లారిన ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచి వేడెక్కాలి. ఒక గదిలో నాలుగు ప్రింటర్లుంటే నాలుగూ అదే పని చేస్తాయి. చిన్నవాటి క్యాట్రిడ్జిలో డ్రమ్ము (పొడిని కాగితం మీదికి చేర్చే రోలర్) కూడా కలిసే ఉంటుంది. చవక పొడితో నాలుగైదుసార్లు రీఫిల్ చేయిస్తే డ్రమ్ము అరిగి పేజీ నిండా బూడిద రంగు చారలు పడతాయి. ఆ పేజీ చించేసి మళ్ళీ తీస్తాం.

అయినా కమిటీ ప్రతిపాదనలో ఒక మాట నాకు నచ్చలేదు. బాగా పనిచేస్తున్న ప్రింటర్లని ఒక్కరోజులో తీసేస్తే అవి ఎక్కడికి పోతాయి? 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో ప్రింటర్లతోపాటు క్యాట్రిడ్జిలు కూడా ఉన్నాయి. పాత ఇనుప సామాన్ల వాళ్ళకి తూకానికి అమ్మేయడానికి లేదు, రిజిస్టరైన రీసైక్లర్‌కో, బాగుచేసేవారికో, తయారీదారుకో మాత్రమే ఇవ్వాలి. అందుకని ఉన్నవాటిని పూర్తిగా వాడుకుందాం. పాడైనది పాడైనట్టు తీసేస్తూ, దాని స్థానంలో కొత్త చిన్న ప్రింటర్ కొనడం మానేద్దాం.

మూడో అంతస్తు

అందరూ కారిడార్ చివరికి నడిచి వెళ్ళి తెచ్చుకోగలరనే లెక్కతో మాట్లాడుతున్నారు. నాకు చిన్నప్పుడు పోలియో వచ్చింది, కాలిపర్ వేసుకుని పనిచేస్తున్నాను. ప్రతి కాగితానికీ లేచి వెళ్ళడం నావల్ల కాదు. పక్కవాళ్ళని తెచ్చిపెట్టమంటే రోజూ ఒకరిని బతిమాలుకోవాలి. ప్రతిపాదనలో మాలాంటివాళ్ళ గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

నెట్‌వర్క్ గది

మీ మాట సరైనదండీ. మీ టేబుల్ మీది ప్రింటర్ మీ దగ్గరే ఉండాలి, ఏటేటా అడుక్కోనక్కర్లేకుండా అది నిబంధనలోనే రాసి ఉండాలి. మేడమ్, దయచేసి ఇది కమిటీలో రాతపూర్వకంగా పెట్టండి.

పరిశోధక విద్యార్థి

సెక్షన్ల గురించే మాట్లాడుతున్నారు, థీసిస్ గురించి ఎవరూ ఎత్తలేదు.

మాకు ఒక వైపే ప్రింట్, లైన్ల మధ్య డబుల్ స్పేస్, మంచి బాండ్ పేపర్. 240 పేజీల థీసిస్ అనుకోండి. ఐదు కాపీలంటే 1,200 కాగితాలు, పైన చెప్పిన లెక్కలో 6 కిలోలు. ఇవి పరీక్షకులకి పంపే మామూలు బైండింగ్ కాపీలు. వాళ్ళు దిద్దుబాట్లు చెబితే సరిచేసి, వైవా అయ్యాక బంగారు అక్షరాల గట్టి అట్టతో మళ్ళీ తీయాలి. అంతకుముందు గైడ్ గారికి ఒక్కో చాప్టరూ ప్రింట్ తీసి ఇచ్చిన సంగతి ఇందులో కలపలేదు. గ్రాఫులున్న పేజీలు కలర్లో ఉండాలి కాబట్టి బ్రాడీపేటలో షాపు దగ్గర కూర్చుని ఏ పేజీ కలరో, ఏది బ్లాక్ అండ్ వైటో ఒక్కొక్కటీ చూసి చెప్పాలి. ఒక్క పేజీ తప్పు వరసలో పడితే బైండింగ్ విప్పించాలి.

ఇంత చేశాక అదే థీసిస్ పీడీఎఫ్‌ని దేశంలోని థీసిస్‌లన్నీ ఆన్‌లైన్లో ఉంచే శోధగంగలో పెట్టడానికి ఇస్తాం. ఎలక్ట్రానిక్ కాపీ ఇవ్వాలని యూజీసీ 2009 నిబంధనల్లోనే ఉంది, 2022 నిబంధనల్లోనూ ఉంది. ఆ తర్వాత దాన్ని దేశంలో ఎవరైనా చదివేది పీడీఎఫ్‌లోనే. పరీక్షకులకి ముందే పీడీఎఫ్ పంపి, కాగితం మీద కావాలన్నవారికి మాత్రం రెండు వైపులా ప్రింట్ తీసి పంపితే ఏమవుతుంది? లైబ్రరీకి ఒక గట్టి అట్ట కాపీ ఉంచండి, దానికి నేను అడ్డు చెప్పను.

ఈ ఖర్చంతా మాది. ఫెలోషిప్ లేనివాళ్ళు ఈ నెలల్లో అప్పు చేస్తారు. పచ్చదనం సంగతి సరే, ఇది డబ్బు సంగతి కూడా.

గేటు ఎదురు జెరాక్స్

మేడమ్ మొదట రాసింది నేను రోజూ చూస్తున్నదే. స్కాలర్‌షిప్పుల సీజన్లో పిల్లలు ఆధార్, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, బ్యాంకు పాస్‌బుక్కు పట్టుకుని లైన్లో నిలబడతారు. పోయినేడు ఇచ్చినవే ఈ ఏడూ మూడేసి సెట్లు. ప్రాజెక్టు రిపోర్టు రెండు వైపులా తీసుకెళ్ళి, గైడు ఒప్పుకోలేదని మళ్ళీ వచ్చి ఒక వైపు తీయించుకున్నవాళ్ళూ ఉన్నారు. నాకు ఇది బతుకుతెరువు, కాదనను. అయినా పాలిపోయిన మొహంతో చిల్లర లెక్కపెట్టుకునే పిల్లల దగ్గర ఆ రెండో ప్రింటు డబ్బు తీసుకోవడం నాకు ఇష్టం ఉండదు. రెండు వైపులా చెల్లుతుందని నోటీసు బోర్డులో పెట్టండి, ఆ నోటీసు నా షాపులో కూడా అంటిస్తాను.

నందిగామ సుబాబుల్

ఒక మాట. ఈమెయిల్ కింద "చెట్లను కాపాడండి, ప్రింట్ తీయకండి" అని పెడుతుంటారు. మాకు సుబాబుల్ తోట ఉంది. మన వైపు, ప్రకాశం వైపు సుబాబుల్, జామాయిల్, సరుగుడు వేసిన రైతులు చాలామంది ఉన్నారు. ఆ కర్ర రాజమండ్రి మిల్లుకీ, సారపాక మిల్లుకీ పోతుంది. సుబాబుల్ నరికితే మోడు నుంచి మళ్ళీ చిగురేస్తుంది, మూడు నాలుగేళ్ళకి మళ్ళీ కోతకొస్తుంది. ఇది అడవి కాదు, పంట. కాగితం వాడితే అడవి నరికినట్టే అంటే రైతుగా నాకు బాధేస్తుంది. టన్నుకి గిట్టుబాటు ధర రాని ఏడాది ఎవరూ మా గురించి మాట్లాడరు.

కృష్ణ ఒడ్డు

మీరు చెప్పింది న్యాయం. ఆ నినాదాన్ని మా కమిటీ పోస్టర్ల నుంచి తీసేయమని అడుగుతాను. అయితే కర్ర తోట నుంచి వచ్చినా, ఆ ముక్కల్ని కాస్టిక్‌తో ఉడకబెట్టి గుజ్జు చేయడానికి, తెల్లబరచడానికి నీళ్ళు, కరెంటు, రసాయనాలు ఖర్చవుతాయి కదండీ. ఇంత చేసి తయారైన కాగితం "స్పేర్" కాపీగా బీరువాలో పడి ఉండటం మీ పంటకి కూడా గౌరవం కాదు. పాఠ్యపుస్తకానికి, నోటుబుక్కుకి, జవాబు పత్రానికి వాడితే ఎవరికీ అభ్యంతరం లేదు.

తెలుగు టైపు

ఎవరూ పట్టించుకోని విషయం ఫాంటు. ఇంగ్లిష్‌కి సన్న ఫాంటు వాడమని, సైజు తగ్గించమని సలహాలిస్తారు. తెలుగులో సైజు తగ్గిస్తే ఒత్తులు కలిసిపోతాయి, క్ష కింద ణ వస్తే ముద్దే. అందుకని సైజు తగ్గించొద్దు, వరసల మధ్య ఎడం చూడండి. గౌతమి ఫాంట్‌లో ఆ ఎడం చాలా ఎక్కువ. ఆర్డరు ఒక పేజీలో సరిపోవాల్సింది, సంతకం, "కాపీ టు" మాత్రం రెండో పేజీలోకి జారిపోతాయి. ఆ నాలుగు వరసల కోసం పది కాపీలకీ పది కాగితాలు అదనం. మండలి ఫాంటు పెట్టి ఎడం సరిచేస్తే ఒక్క పేజీలో వచ్చేస్తుంది, కంటికీ హాయిగా ఉంటుంది.

ఇంకొకటి, ఇదే పెద్దది. కొన్ని సెక్షన్లలో ఇంకా పాత పద్ధతి అనూ ఫాంట్లలోనే టైపు చేస్తారు. ఆ ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. "మీ మెయిల్ తెరుచుకోలేదు, హార్డ్ కాపీ పంపండి" అంటారు. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్‌కి మారకుండా కాగితం తగ్గించమంటే ఎలా కుదురుతుంది? యూనికోడ్‌లో టైపు చేస్తే పాత ఆర్డరు కావాల్సినప్పుడు పేరు కొట్టి వెతుక్కోవచ్చు కూడా. అప్పుడు స్టాక్ ఫైలు అవసరమే ఉండదు.

సెక్షన్ నుంచి

టైపిస్టు గారి మాటకి వంద మార్కులు. మా దగ్గర జరుగుతున్నది అచ్చంగా ఇదే.

కానీ మెయిల్లో పంపింది రేపు చెల్లుతుందా అన్నది నా భయం. కాగితమైతే బీరువాలో ఉంటుంది.

సింగ్‌నగర్

బీరువాలో ఉంటే భద్రమని అనుకోకండి సార్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇంట్లో బీరువా కింది అర మొత్తం నీళ్ళలో ఉంది. సర్టిఫికెట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విడదీస్తే సిరా సంతకాలు చెదిరిపోయాయి. ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో ఉన్నవి మాత్రం ఫోన్‌లో భద్రంగా ఉన్నాయి. 2017 నుంచి అలా జారీ అయిన పత్రాలకి అసలుతో సమానంగా చెల్లుబాటు ఉంది. అయినా కౌంటర్లో "జెరాక్స్ ఏదీ?" అనే అడుగుతున్నారు.

నెట్‌వర్క్ గది

ఎలక్ట్రానిక్ రికార్డుకి చట్టబద్ధత 2000 నాటి ఐటీ చట్టం నాలుగో సెక్షన్లోనే ఇచ్చారు సార్. డిజిటల్ సంతకం గురించి ఐదో సెక్షన్లో ఉంది. బ్యాకప్ రెండు చోట్ల ఉంచడం మా బాధ్యత, అది రాసివ్వడానికి నేను సిద్ధం.

సెక్షన్ నుంచి

చట్టం ఉంటే సరిపోదండీ. నా కౌంటర్లో కూర్చున్న జూనియర్ అసిస్టెంట్‌కి రిజిస్ట్రార్ గారి సంతకంతో ఒక ఉత్తర్వు కావాలి. "ఫలానా ఫలానా వారికి మెయిల్ చాలు, కాపీ అడగరాదు" అని ఉండాలి. అది వచ్చిన రోజు నుంచి నా సెక్షన్లో పది కాపీలు మూడవుతాయి: ఉద్యోగికి ఒకటి, సర్వీస్ రిజిస్టరులో ఒకటి, ఆడిట్‌కి ఒకటి. ఆడిట్ కాపీ మాత్రం కాగితం మీదే ఉండాలి, ఆ విషయంలో నేను తగ్గను.

కృష్ణ ఒడ్డు

ఆడిట్ కాపీ గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది. ఆడిట్ వాళ్ళనే అడిగి తేల్చుకోవచ్చు, ముందే మనం తీర్మానించనక్కర్లేదు. మిగతా ఏడు కాపీల ఉత్తర్వు ముసాయిదా నేను రాస్తాను, మండలి ఫాంట్‌లోనే. మెషిన్ల టెండరు కన్నా ముందు అది సంతకానికి వెళ్ళాలని కమిటీలో పట్టుబడతాను. దానితోపాటు స్కాలర్‌షిప్ దరఖాస్తులో మూడు సెట్ల నిబంధన, థీసిస్ ఒక వైపు ప్రింట్ నిబంధన ఏ తీర్మానంతో వచ్చాయో పాత మినిట్స్‌లో చూడాలి. సూపరింటెండెంట్ గారూ, మీ సెక్షన్ నుంచి వెళ్ళే ఆర్డర్లలో ఏ రకానికి ఎన్ని "కాపీ టు"లు ఉన్నాయో ఒక జాబితా ఇవ్వగలరా?

సెక్షన్ నుంచి

సోమవారం పంపుతాను మేడమ్. మెయిల్లోనే.