బ్రిటన్ మిల్లుల్లో పిల్లల పని: 1819 తరువాత 1833 చట్టం ఎందుకు?

ప్రశ్న: తొమ్మిదేళ్లలోపు పిల్లలను నూలు మిల్లుల్లో పెట్టుకోరాదని 1819లోనే చట్టం ఉండగా, 1833లో మరొకటి ఎందుకు అవసరమైంది?

మొదటి సమాధానం: పాత చట్టాన్ని అమలు చేయించే ప్రత్యేక అధికారులు లేరండి. 1833 చట్టం పదమూడేళ్లలోపు వారికి వారానికి 48 గంటల పరిమితి విధించి, నలుగురు ఇన్‌స్పెక్టర్లను నియమించింది. అన్ని మిల్లులకూ నలుగురే!

రెండవ సమాధానం: వయసు నిరూపణ అంతకంటే పెద్ద చిక్కు. ఇంగ్లండ్‌లో జననాల ప్రభుత్వ నమోదు 1837లో గానీ మొదలు కాలేదు కాబట్టి, వైద్యులు ఎత్తును, పళ్లను చూసి వయసు అంచనా కట్టేవారు. పిల్లల కూలి లేనిదే ఇల్లు గడవని తల్లిదండ్రులు వయసు పెంచి చెప్పేవారు. వారిని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

ప్రశ్న అడిగినవారు: గనులకూ ఇది వర్తించిందా?

మొదటి సమాధానమిచ్చినవారు: లేదండి. 1842 చట్టంతోనే పదేళ్లలోపు బాలురను, స్త్రీలను, బాలికలను భూగర్భంలో పనికి దించడం నిషిద్ధమైంది.